చెరపని పెన్సిల్ రాత

తిరిగొచ్చిన పుస్తకాల్లో పెన్సిల్ గీతలు చెరపడం
నా ఉద్యోగంలో ఒక భాగం.
హీయుమా దీవిలో చలికాలం పొడుగు.
రబ్బరు పొట్టు ఊదుకుంటూ చాలా సాయంత్రాలు గడిపాను.
వంటల పుస్తకంలో ఉప్పు తగ్గించమని రాస్తారు,
నవలలో పన్నెండో పేజీలోనే హంతకుడి పేరు కింద గీస్తారు.
చెరిపేస్తాను.
అందులో నాకు కాస్త సరదా కూడా ఉంది.

రాతిపువ్వుల మీద ఆ పుస్తకాన్ని
పదకొండేళ్లలో ఇద్దరే తీసుకెళ్లారు.
ఒకావిడ అట్ట చూసి పూలతోట పుస్తకం అనుకుంది,
మర్నాడే తెచ్చి బల్ల మీద పడేసింది.
రెండోవాడు ఎండెల్ రాహు,
సమాధిరాళ్లు తోమేవాడు.

ఇనుప బ్రష్షు, సోడా, బకెట్టు నీళ్లు,
ముప్పై ఎనిమిదేళ్లుగా అదే సరంజామా.
వేసవిలో సమాధుల పండగ ముందు
అతని గుమ్మంలో జనం వరస కడతారు.
"దీన్ని వేళ్లతో సహా చంపే మందేమైనా రాశారా
చూద్దామని," అన్నాడు కార్డు మీద సంతకం పెడుతూ.
దానికి వేళ్లే లేవని
మొదటి పేజీలోనే ఉంది.

రాసినావిడ హెల్వీ ఓయనా, టార్టూ మనిషి.
పాఠం చెప్పినట్టు రాయలేదు,
గోడ మీంచి పక్కింటామెకి చెప్పినట్టు రాసింది.
ఇది ఒక్క ప్రాణి కాదు, కాపురం, అంది.
బూజు ఇల్లు కడుతుంది, పాచి వండిపెడుతుంది,
పొయ్యి ఏమో ఆకాశంలో ఉంది.
ఇందులో ఎవరు ఎవరికి బందీయో
నాకింకా తెలీదు, అని కూడా రాసింది.
తెలీదన్న చోటల్లా ఎండెల్ చిన్న టిక్కు పెట్టాడు.

అరవై ఒకటో పేజీ అడుగున లెక్క ఉంది.
ఏడాదికి గోరు మందం కూడా పెరగని పచ్చటి పటం,
అరచేయంత కావాలంటే
ఎన్నేళ్లో భాగహారం చేశాడు, రెండుసార్లు,
మొదటిది కొట్టేసి.
జవాబు కింద, వంకర అక్షరాల్లో:
"రెండు వందల పాతిక. నాకు ఇరవై నిమిషాలు."

రబ్బరు చేతిలోనే ఉంది.
పేజీ తిప్పాను.

ఎనభై ఎనిమిదిలో ఆవిడంటుంది,
ఈ జాతి దీవుల మీద ఎక్కడా కనబడలేదు.
పక్కన ఎండెల్ అంటాడు:
"కనబడింది. రైగీ, ఉత్తరపు గోడ, మూడో వరస,
పసిపాప రాయి. తోమలేదు."

ఆ వేసవి మైమూ కోర్వ్ నా దగ్గరికొచ్చి గొణిగింది,
డబ్బులు పుచ్చుకుని మా అమ్మ పేరొక్కటే శుభ్రం చేశాడు,
మిగతా రాయంతా దద్దుర్లే, అని.
నిజమే. ఇప్పుడతను బ్రష్షు తేవడం లేదు.
అగ్గిపుల్ల తెస్తాడు. అక్షరాల గాడిలో మాత్రం
చెవిలో గుబిలి తీసినట్టు తీస్తాడు.
సగం కూలే అడుగుతున్నాడు.
బద్ధకం ముదిరిందన్నారు ఊళ్లో.
మైమూకి ఆ పుస్తకం ఇవ్వబోయాను,
"నాకు రాళ్లు చదివే తీరిక లేదు," అంది.

టార్టూకి ఉత్తరం రాశాను, పేజీ నంబరుతో సహా.
జవాబు ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది:
ఆవిడ ఆరోగ్యం బాగోలేదు, విషయం చేరవేశాం.
రెండో ముద్రణ ఆలోచన లేదు,
మొదటిదే గోడౌన్లో ఉంది.

అంటే ఆ తప్పు దిద్దిన ప్రతి
లోకంలో ఒక్కటే,
ఐదు వందల డెబ్భైల అరలో, కిటికీ వైపు.
కాదు, అక్కడ కూడా లేదిప్పుడు.
కార్డు మీద మూడో సంతకం నాది,
గడువు దాటి నాలుగు నెలలు.
జరిమానా నాకు నేనే రాసుకుని
నాకు నేనే కడుతున్నాను.

నిన్న రైగీ వెళ్లాను, బస్సులో.
మూడో వరసలో మోకాళ్ల మీద కూర్చుని
స్కూలు స్కేలు ఆనించి చూశాను.
పోయిన శరదృతువులో పద్నాలుగు మిల్లీమీటర్లు,
నిన్నా పద్నాలుగే.
పెరుగుతుందట.
పుస్తకంలో ఉంది.